చివరి క్షణంలో నా తల ఊగితే

కేరళలోని కొట్టాయం జిల్లా పాలాలో ఉంటూ, ముప్పై నాలుగేళ్లు పత్రికా విలేకరిగా పనిచేసిన ఉలహన్నాన్ మత్తాయి అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసిన వీలునామా ఇది. దేవుడు లేడన్న అభిప్రాయమూ ఈ మతితో ఏర్పరచుకున్నదే. ఇది చెల్లుతుంది, అది చెల్లదు అని ఎవరూ అనరాదు.

1. ఇల్లు, రబ్బరు తోట, బ్యాంకులో ఉన్నది నా భార్య త్రేస్యామ్మకు. తోటలో మరియమ్మ విగ్రహం పెట్టుకోవచ్చు. ఇప్పటికే పెట్టింది, నేను చూడనట్టు నటిస్తున్నాను.

2. తమ్ముడు కురువిళకు నా సైకిలు. బ్రేకులు పడవు. వాడికి దైవరక్షణ మీద నమ్మకం ఉంది గనుక బాగు చేయించలేదు.

3. దేవుణ్ని కాదనే నా పుస్తకాలు మా చర్చి ఫాదర్ గారికి. నాలుగు ఇప్పటికే ఆయన దగ్గరున్నాయి, సెట్టు పూర్తవుతుంది.

4. ఇది ముఖ్యం. ప్రాణం పోతున్నవారి చెవిలో "ఈశో, మరియం, యౌసేప్పే" అని ఏసు, మరియమ్మ, యోసేపుల పేర్లు చెప్పడం మా క్రైస్తవుల ఆచారం. 1986లో మా పెదనాన్న దేవస్య పోతున్నప్పుడు కురువిళ అలాగే చెప్పాడు. ఆయన నాకంటే మొండి నాస్తికుడు. నేను మంచానికి అవతలి పక్కన ఉన్నాను. పెదనాన్న ముక్కు మీద ఈగ వాలింది. ఆయన తల విదిల్చాడు. "చూశారా, ఒప్పేసుకున్నాడు!" అని కురువిళ కేకేశాడు. సాయంత్రానికల్లా చర్చి సమాధుల్లో చోటు దొరికింది. ఈగ సంగతి చెబితే, "ఆ ఈగను పంపిందెవరు అన్నయ్యా?" అన్నాడు.

కాబట్టి నా తల ఊగినా, పెదవి కదిలినా, కన్ను తడిసినా అది విశ్వాస ప్రకటన కాదు. నా శరీరం వైద్య కళాశాలకు. కాగితాలు ఇచ్చేశాను.

5. త్రేస్యామ్మ వాదన వేరు: "నమ్మకుండా ఉండే స్వేచ్ఛ మీకిచ్చిందీ ఆ దేవుడేనండీ. లేకపోతే నా ప్రార్థనలకు ఎప్పుడో లొంగిపోయేవారు." అదే నిజమైతే, కురువిళ నా దగ్గర లాక్కోబోయే ఆ స్వేచ్ఛ సాక్షాత్తూ దేవుడిచ్చిన ఆస్తి. చర్చి కమిటీ విచారించాలి.

6. నా ఎడమ చెవికి చాలాకాలంగా ఏమీ వినపడదు. దాన్ని కురువిళకు రాస్తున్నాను, ఎంతసేపైనా చెప్పుకోవచ్చు. కుడి చెవి త్రేస్యామ్మది. ఆ మూడు పేర్లే చెప్పినా సరే. అప్పుడు తల ఊపితే, చెప్పింది తను గనుక ఊపాను. కోర్టుకు గానీ చర్చికి గానీ దానితో పని లేదు.

అమలు బాధ్యత న్యాయవాది సుభద్రది.

2014 ఆగస్టు 9, పాలా.
(సంతకం) ఉలహన్నాన్ మత్తాయి

సాక్షులు: వాటా ఉన్నవారు సాక్షులుగా ఉండరాదు. దేవుడికేమీ రాయలేదు గనుక ఆయనకు అర్హత ఉంది. త్రేస్యామ్మ ద్వారా కబురు కూడా పెట్టాను. వచ్చినవారు:
శ్రీధరన్, రబ్బరు వ్యాపారి
మేరీక్కుట్టి, నర్సు