సీటు కింద నలిగిన వైరు

బావగారికి నమస్కారం.

ఫోన్‌లో చెప్పాల్సిన సంగతే. ధైర్యం చాలక రాస్తున్నాను.

డాష్‌బోర్డులో బ్రేకు లైటు ఊరికే వెలుగుతోందని మీరు మూడుసార్లు కారు నా షెడ్డుకు తెచ్చారు. ప్రతిసారీ నేను నడిపి చూస్తే వెలగలేదు. "హ్యాండ్‌బ్రేకు దించడం మరిచిపోతున్నారు బావా, వయసు మీద పడుతోంది" అన్నాను. "లేదురా, చేత్తో తడిమి మరీ చూసుకున్నాను" అన్నారు మీరు. నేను నవ్వేసి, ఆ మాటే అక్క చెవిన వేశాను. అక్క తాళాలు దాచేసింది. ఆర్నెల్ల తర్వాత, అమ్మిపెట్టమని కారు నాకే అప్పగించింది.

నిన్న కొనడానికొచ్చినాయన మీ అంత పొడగరి. సీటు బాగా వెనక్కి జరిపి కూర్చోగానే లైటు వెలిగింది. హ్యాండ్‌బ్రేకు దించే ఉంది. సీటు ఊడదీసి చూశాను. హ్యాండ్‌బ్రేకు లైటు వైరు సీటు పట్టాల కింద నలిగి, పైతొడుగు చిట్లి, సీటు వెనక్కి జరిపినప్పుడల్లా ఇనుముకు తగులుతోంది. పొట్టివాణ్ణి కదా, నేనెప్పుడూ సీటు ముందుకు లాక్కునే నడిపాను.

అక్కకు అంతా చెప్పాను. విని, "ఇప్పుడాయన స్టవ్ కట్టేశానో లేదోనని నాలుగుసార్లు లేచి చూసుకుంటున్నారురా" అంది.

వైరు పావుగంటలో మార్చేశాను బావా. మీకు నేను అంటించిన ఆ అనుమానాన్ని ఎలా తీయాలో తెలియడం లేదు. కారు అమ్మను. ఆదివారం తెస్తాను. ముందు నన్ను తనివితీరా తిట్టండి. తర్వాత మీకు నచ్చిన చోటికి నడపండి, నేను వెనక సీట్లో నోరు మూసుకుని కూర్చుంటాను.

మీ బావమరిది