కంప్యూటరు గది తలుపు

బుడ్డోడా, నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ బదులు ఇచ్చిన కొలువులో గని ఆఫీసు ఊడుస్తున్నాను. నువ్వు పనిచేసిన కంప్యూటరు గది కూడా నా వంతే.

ఇవాళ పొద్దున డ్యూటీ కాగితంలో పదిమంది పేర్లు రాలేదు. పేరు లేకపోతే గనిలోకి దిగనివ్వరు, ఆ రోజు పని పోయినట్టే. అందరూ ఆ గది ముందు గుమిగూడారు. నీ తర్వాత వచ్చిన సారు తలుపు తీయలేదు.

"చెప్పులు బయట్నే ఉన్నయ్, సారు లోపట్నే ఉన్నడు. చల్లగ కూసుండి మన పేర్లు నములుతుండు!" అని రాజన్న అరిచాడు. ఒకరిద్దరు తలుపు తన్నబోయారు.

నేను చీపురు పక్కన పెట్టి, ఊడ్చేటప్పుడు వాడే వెనక తలుపు గుండా లోపలికి పోయాను. "సారూ, నా కొడుకైతే బయటికొచ్చి ఏమైందో చెప్పెటోడు. చెప్తే ఆగుతరు. చెప్పకుంటెనే పరేషాన్," అన్నాను.

ఆయన వచ్చాడు. "కరెంటు పోయి కాగితం సగమే అచ్చయింది. ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. గంటలో చేత్తో రాసిస్తాను," అన్నాడు.

"గీ ముక్క జర ముందుగాల చెప్తే ఏం పోయేది సారూ!" అని రాజన్న వరండాలో కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. గంట కాకముందే పేర్లు వచ్చాయి, పదిమందీ గని దిగారు.

"మీ అబ్బాయి రోజూ ఇట్లాగే బయటికి వచ్చేవాడా అమ్మా?" అని సారు అడిగాడు. అవునన్నాను. మళ్లీ చీపురు అందుకున్నాను.

నిన్న నీ పేరున విస్తరి పెట్టాను. కడుపునిండా తిను బిడ్డా.