మూడు రోజులు కాకముందే పేరు అడగనందుకు పడిన సున్నా

గౌరవనీయులైన ప్రిన్సిపాలు గారి సముఖమునకు,
ప్రభుత్వ ఆతిథ్య నిర్వహణ కళాశాల.

అయ్యా,

విషయం: నా కుమార్తె మనీఫాకు ప్రవేశ పరీక్షలో పడిన సున్నాను పునఃపరిశీలించుట, వీలైతే చెరిపివేయుట గురించి.

వాదీ మూసా పశువుల ఆసుపత్రిలో టీకాల రిజిస్టరు రాయు గుమాస్తాను, సువైలిం ఔదా అనువాడను, తమకు విన్నవించుకొనునది ఏమనగా: ఇరవై రెండేళ్ళుగా మేకలకు నంబర్లు వేయుచున్నాను గనుక ఈ అర్జీకి కూడా నంబర్లు వేసితిని. అలవాటు, ఏమీ అనుకోకండి.

1. తమ కళాశాలను మేము ఊరికే ఎంచుకొనలేదు. మొదట రాజధాని అమ్మాన్‌లోని ఒక ప్రైవేటు కళాశాలకు వెళ్ళితిమి. అక్కడ మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, చల్లటి దానిమ్మ రసం ఇచ్చి, ఆ తరువాత ఫీజు కాగితం చేతిలో పెట్టిరి. చదివిన మీదట రసం గొంతు దిగలేదు. తరువాత అఖబాలో సముద్రపు ఒడ్డున మరొకటి చూసితిమి. ఫీజు కొంత నయమే. కాని హాస్టలు వేరే, నల్ల కోటు వేరే, స్విట్జర్లాండు యాత్ర వేరే. "యాత్రకు పోకపోతే?" అని అడిగాను. "పోకపోయినా కట్టాలి అంకుల్" అని అక్కడి అమ్మాయి నవ్వుతూ చెప్పింది. తమ కళాశాలకైతే మా పెదనాన్న కొడుకు ఖలఫ్ నడిపే బస్సు పొద్దున పోయి సాయంత్రం వచ్చును. ఫీజు నా జీతంలో సర్దుకొనును. మధ్యాహ్నం పిల్లలు వండినదే పిల్లలు తిందురు. మాకు అందేది తమ కాలేజీ ఒక్కటే. అలాగని తమరు మమ్మల్ని లోకువ కట్టరాదని ప్రార్థన.

2. పరీక్ష దినమున తమ అధ్యాపకులు రమ్జీ గారు పెట్టె పట్టుకొని, అతిథి వేషంలో కౌంటరు ముందుకు వచ్చిరి. మనీఫా ఎదురు వెళ్ళి పెట్టె అందుకొన్నది, కూర్చోబెట్టినది, కాఫీ పోసినది. పేరు మాత్రం అడగలేదు. మా ఎడారి తెగల వాళ్ళలో గడప తొక్కిన మనిషిని మూడు రోజుల దాకా నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడగరు. ఇది తమకు తెలియనిది కాదు. తమ తాతగారికైతే ఇంకా బాగా తెలిసి ఉండును.

కాఫీ ఇక చాలనుకున్నవాడు ఖాళీ కప్పును కాస్త ఊపవలెను. అమ్మాన్‌లో పెరిగిన రమ్జీ గారు ఊపలేదు. మనీఫా పోయుట మానలేదు. ఏడో కప్పుకు ఆయన చెమటలు తుడుచుకొని, "అమ్మాయ్, నన్నేమైనా అడుగుతావా లేదా?" అన్నారట.

"అప్పుడేనా సార్? మీరు ఇప్పుడేగా వచ్చారు!"

"నా పాస్‌పోర్టు?"

"మీ దగ్గరే ఉంచుకోండి సార్, ఇక్కడ దొంగలెవరూ లేరు."

మార్కుల కాగితంలో 'అతిథి వివరాలు అడగలేదు, సున్నా' అని రాసిరి. ఆ సున్నా కూడా వంకరగా ఉన్నది. ఏడు కప్పుల కాఫీ తాగిన చేయి గదా, నేను తప్పు పట్టను.

3. మళ్ళీ పరీక్ష వచ్చే ఏడే అని కిటికీలోని గుమాస్తా గారు సెలవిచ్చిరి. సాటి గుమాస్తాను గనుక ఆయనను ఏమీ అనను. కిటికీ మూసిన వేగం మాత్రం మెచ్చుకొనదగినది.

4. నిజం చెప్పవలెనంటే తప్పు నాది. పరీక్షకు ముందు వారం రోజులు ఇంట్లో నేను అతిథిని, అది కౌంటరులో అమ్మాయి. "మీ పేరేమిటండీ?" అని అది అడిగిందో లేదో, మా అమ్మ హజ్జా సబ్‌హా చేతికర్రతో నేల మీద టపాటపా కొట్టింది.

"ఏమే, ఇంటికొచ్చిన మనిషిని పోలీసులా నిలదీస్తావా? సిగ్గు లేదూ?"

"అమ్మా, నేనే, నీ కొడుకుని."

"అయితే మరీ సిగ్గుచేటు! కన్నతండ్రి పేరు తెలీదా దీనికి?"

నవ్వాపుకోలేక, "పోనీలే తల్లీ, ఆ ప్రశ్న వదిలెయ్" అన్నాను. వదిలేసింది. నా మాట విన్నందుకే దాని సీటు పోయింది.

5. ఈ అయిదో నంబరు ఆఫీసు భాషలో రాయలేకపోతున్నాను, క్షమించండి. చిన్నప్పుడు మనీఫా బడి ఎగ్గొట్టి పెట్రా శిథిలాలకు పోయే దారిలో యాత్రికులకు పూసల దండలు అమ్మేది. బతిమాలి, బుజ్జగించి మాన్పించాను. పన్నెండో తరగతి పాసైంది. మొన్న నేను ఇంటికి వచ్చేసరికి బీరువా మీది పూసల పెట్టె దించి దుమ్ము దులుపుతోంది. "ఏడాది పాటు ఖాళీగా ఏం కూర్చుంటాను నాన్నా" అంటోంది. ఆ దారిలో ఒకసారి కూర్చున్నవాళ్ళు లేవరయ్యా. మా చెల్లెలు కూడా ఒక్క ఏడాదికే అని కూర్చుంది. ఇప్పుడు దానికి నలభై ఒకటి. ఇంకా అక్కడే ఉంది.

6. కావున, ఈ గురువారంతో తమ జాబితా మూసివేయుదురు గనుక, ఆ లోపల మనీఫాకు ఇంకొక్క పరీక్ష పెట్టవలెను. ఈసారి రమ్జీ గారు కప్పు ఊపవలెను.

ఈ నాలుగు ముక్కలు తమ మనసుకు ఎక్కించుకొందురని ఆశించుచు,

తమకును, తల్లికిని, కూతురికిని ఏకకాలమున విధేయుడు,
సువైలిం ఔదా

తా.క.: ఇది మడిచి కవరులో పెడుతుండగా మా గుమ్మం ముందు నీళ్ళ ట్యాంకరు ఆగింది. టైరు పేలిందట. డ్రైవరును లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది. మనీఫా నోటుపుస్తకం, పెన్ను పట్టుకొని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"మీ పేరు చెప్పండి బాబాయ్. ఊరు, ఎన్ని రాత్రులు ఉంటారు, గుర్తింపు కార్డు కూడా కావాలి."

మా అమ్మ ముసుగు మొహం మీదికి లాక్కుంది. మా ఆవిడ వంటింట్లోకి పారిపోయింది. వద్దనడానికి నేను నోరు తెరిచాను, మళ్ళీ మూసుకున్నాను. డ్రైవరు లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, నావల్ల ఏమైనా తప్పు జరిగిందా?"

"లేదు బాబాయ్. నాకు కాలేజీలో సీటు కావాలి."

ఆయన మళ్ళీ కూర్చొని, తన పేరు, తండ్రి పేరు, తాత పేరు చెప్పి, కార్డు తీసి దాని చేతిలో పెట్టాడు. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను. రేపటికి ఈ సంగతి మా వాళ్ళందరికీ తెలిసిపోతుంది. తెలిస్తే తెలియనీ. పేరు ఎలాగూ బయటపడింది గనుక ఈ అర్జీ కింద ఆయన చేతనే సాక్షి సంతకం పెట్టించాను. సంతకం పక్కనున్న మాట ఆయనే రాశాడు, నేను చెప్పలేదు.

సాక్షి: ముతలక్ సాలిం, నీళ్ళ ట్యాంకరు డ్రైవరు, మఆన్. పిల్ల అడిగినందుకు నాకేమీ కోపం లేదు.