లీల తొడుక్కున్న కోటు

అల్ఫారెట్టా,
అక్టోబర్ 5

ఒరేయ్ జగదీషూ,

నీకు ఫోన్‌లో సగం వినపడి చావదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పైగా ఇది అరిచి చెప్పే విషయం కాదు, లీల పక్క గదిలోనే ఉంది. చదివాక చింపెయ్యి. మీ ఆవిడకి చూపించావో, మీ పిస్కాటవే వచ్చి మరీ తంతాను.

డెబ్భై నాలుగేళ్ళొచ్చాక నాకు అసూయ పుట్టిందిరా. ఎవరి మీదనుకున్నావు? మా వీధి చివర ఉండే శ్యామ్‌సుందర్ మీద. రిటైరైన పళ్ళ డాక్టరు. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఇంతకాలం పాపం అనుకున్నాను. ఇప్పుడు అతని కారు చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది.

దీనికంతటికీ మూలం మా మనవరాలు ఇషా. కాలేజీ నుంచి వచ్చి లీల బట్టల బీరువా అంతా మంచం మీద కుమ్మరించింది. "అమ్మమ్మా, ఈ ఫాల్ సీజన్‌కి ర్యాంప్ మీద వేసినవి అన్నీ నీ క్లాసెట్‌లో ఉన్నాయి! కొత్తవి కొనకు. రోజూ వేసుకునేవాటితోనే స్టైల్ చేద్దాం" అంది. అప్పట్నుంచీ వారానికో ఫోటో పంపిస్తుంది. పారిస్‌లోనో మిలాన్‌లోనో తిండిలేని పిల్లలు నడిచే ఫోటో. లీల దాన్ని ముందు పెట్టుకుని, ఇంట్లో ఉన్నవాటితోనే అలాంటిది తయారు చేసుకుని, వేసుకుని గ్రోసరీకో లైబ్రరీకో పోతుంది. మొదటి వారం కాశ్మీరు శాలువా ఒక భుజం మీద పిన్ను పెట్టుకుని, ప్యాంటు మీద వేసుకుంది. రెండోవారం వంగపండు రంగు నేతచీర మీద బెల్టు. కింద బూట్లు. బూట్లురా! చీర కింద, మోకాళ్ళ దాకా! గుడికి అలాగే వచ్చింది. ముసలమ్మకి దసరా పండగ అని నవ్వుతారేమో అని నేను స్తంభం చాటున నిలబడితే, ఆడపిల్లలంతా చుట్టూ మూగి "ఆంటీ, సో స్టైలిష్!" అన్నారు. నిజం చెప్పనా, బాగుంది. అదే నా ఏడుపు.

ఆ ఫోటోలు ఇషా ఏదో పేజీలో పెడుతుంది. శనివారం పొద్దున్నే వాకింగ్ దారిలో తీస్తారు. ఎవరు తీస్తారు? శ్యామ్‌సుందర్! "గడ్డం కాస్త పైకెత్తండి లీలగారూ" అంటాడు. నేనేమో బెంచీ మీద ఆవిడ హ్యాండ్‌బ్యాగు పట్టుకుని కూర్చోవాలి. నన్ను ఒక్క మాట అడగలేదేం అని ఇషాని నిలదీశాను. "తాతా, నువ్వు తీస్తే ట్రీస్ ఉంటాయి, అమ్మమ్మ హెడ్ ఉండదు" అని ఫోన్ పెట్టేసింది. నవ్వకు, నవ్వాలనిపిస్తే ఉత్తరం మడిచి పెట్టుకుని నవ్వు. నలభై ఆరేళ్ళ కాపురంలో నా పెళ్ళాన్ని గడ్డం పైకెత్తమని నేను ఒక్కసారీ అనలేదురా. అనాలని తోచనే లేదు.

ఇట్లు కడుపుమంటతో,
నీ హరనాథ్


అల్ఫారెట్టా,
అక్టోబర్ 21

జగదీషూ,

నీ జవాబు చేరింది. "ముసలి వెధవా, ఆవిడతో నువ్వే మాట్లాడు" అన్నావు. మాట్లాడలేదు. అంతకంటే ఘనకార్యం ఒకటి చేశాను. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

ఈ సంవత్సరం ర్యాంప్ మీద ఆడవాళ్ళు మగవాళ్ళ కోట్లు వేసుకుంటున్నారట, భుజాలు జానెడు బయటికి వచ్చేలా. మొన్న శనివారం లీల బూడిదరంగు పొడుగు కోటు తొడుక్కుని మేడ దిగింది. చేతులు పైకి మడిస్తే లోపల ఎర్రపట్టు లైనింగు కనిపిస్తోంది. నడుముకి బెల్టు. కింద రోజూ వేసుకునే ప్యాంటే. ఆఖరి మెట్టు మీద ఆగి నావైపు చూసింది. "టైమవుతోంది, కార్ కీస్ ఎక్కడ పెట్టావు?" అన్నాను. బ్యాగులోంచి తీసిచ్చింది.

వాకింగ్ దారిలో శ్యామ్‌సుందర్ "మగవాళ్ళ కోటు మీకింత నప్పుతుందనుకోలేదు. ఎక్కడిదండీ?" అన్నాడు. లీల నవ్వి, "ఉంది లెండి, ఒక పెద్దమనిషిది" అంది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. మా ఇంట్లో ఆ కోటు నేనెప్పుడూ చూడలేదు. గుండీలు కుడివైపే ఉన్నాయి, మగవాళ్ళదే. ఎవరిదో తెలియనట్టు అడగడం, ఆవిడ నవ్వడం, అంతా నా ముందు నాటకం అనుకున్నాను. ఆ పెద్దమనిషి వాడు కాక ఇంకెవడు? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నిన్న లీల లైబ్రరీకి వెళ్ళగానే కోటు సంచీలో కుక్కి, పాతబట్టలు తీసుకునే చారిటీ షాపులో పడేసి వచ్చాను. దారిపొడుగునా ఈల వేశాను కూడా. ఇంటికొచ్చి ఆ ఖాళీ హ్యాంగర్ చూశాక మాత్రం అన్నం సహించలేదు.

నీ దొంగ,
హరనాథ్


అల్ఫారెట్టా,
అక్టోబర్ 31

జగదీషూ,

నాకు బుద్ధొచ్చింది. నెత్తిన మొట్టి మరీ వచ్చింది.

శనివారం పొద్దున లీల కోటు కోసం బీరువా అంతా వెతికింది. మాట దాచుకోవడం నావల్ల ఎక్కడవుతుంది? "పరాయివాడి కోటు నీకెందుకు? చారిటీకి ఇచ్చేశాను" అని అరిచాను. లీల మంచం మీద కూలబడింది.

"పరాయివాడెవరండీ?"

"ఇంకెవరు? నీ ఫోటోగ్రాఫరు!"

 తిడుతుందనుకున్నాను. నెమ్మదిగా, "అది మీ కోటండీ" అంది.

ఒరే, క్లీవ్‌లాండ్‌లో మనిద్దరం ఒకే రోజు కోట్లు కొనుక్కున్నాం, నీది నలుపు, నాది బూడిదరంగు. అదేరా! నేను ఇక్కడికి, ఈ జార్జియాకి వచ్చేటప్పుడే పోయిందనుకున్నాను. లీల దాచింది. తన పెళ్ళిపట్టుచీర చిరిగిపోతే ఆ ముక్కలతో లైనింగు వేసుకుంది, కాలరు కత్తిరించింది, పాత గుండీలు తీసి కొత్తవి వేసింది. నెలరోజులు మేడ మీద కూర్చుని కుట్టుకుందట. మిషన్ చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది, ఏమిటని ఒక్కసారీ అడగలేదు.

"ఆ కోటులో మీరు మంచు దులుపుకుంటూ గుమ్మంలోకి రావడం ఇప్పటికీ నా కళ్ళకి కడుతుంది. మెట్టు మీద నిలబడితే గుర్తుపడతారనుకున్నాను. మీరు కీస్ అడిగారు" అంది.

తల కొట్టేసినట్టయింది. అప్పటికప్పుడు షాపుకి పరిగెత్తాను. కోటు ఉందిరా, ఉంది. ఒక పొడుగాటి తెల్లావిడ తొడుక్కుని బిల్లు చేతపట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. పక్కనున్న కూతురు "మామ్, యు లుక్ అమేజింగ్" అంటోంది. అడుగుదామని దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నావైపు తిరిగి నవ్వింది.  ఏమని అడగను? నా కోటు అననా, నా పెళ్ళాం కోటు అననా? ఉత్త చేతులతో వచ్చేశాను.

లీల వంటింట్లో ఉంది. జరిగింది చెప్పాను. "ఎలా ఉంది ఆవిడకి?" అంది.

మొదలుపెట్టానంటే ఆగలేదురా. "భుజాలు ఆవిడకి సరిగ్గా సరిపోయాయి, అందుకే బాగాలేదు. నీకైతే కాస్త జారి, ఎవరో వెనకనించి చేతులేసినట్టుండేవి. చేతులు మడవలేదు, పట్టు లోపలే ఉండిపోయింది. బెల్టు మరీ బిగించింది. నువ్వు వదులుగా ముడేశావు, నడిస్తే ఆ కొస ఎడంవైపు ఊగేది. మెట్టు మీద నిలబడ్డప్పుడు ఒక చెయ్యి జేబులో ఉంది, జుట్టు కాలరు లోపల ఇరుక్కుంది..."

లీల స్టవ్ ఆపేసింది.

"అయితే చూశారన్నమాట" అంది. అని ఏడ్చింది. నాక్కూడా ఏడుపొచ్చింది, నీ దగ్గర దాపరికం దేనికి.

సందు చూసుకుని, "ఇకనుంచి నీ ఫోటోలు నేనే తీస్తాను" అన్నాను.

కళ్ళు తుడుచుకుని, "వద్దు" అంది. "తీయడానికి ఆయనున్నారు. మీరు చూసింది నాకు చెప్పండి, చాలు."

నీ హరి