చందర్లపాడు జామతోటకి చిన్న ట్రాక్టరు

తమ్ముడు ఉమాకాంతానికి అక్క ఆశీర్వదించి రాయించేది.

ఫోన్లో అయితే మధ్యలో మాట్లాడతావని ఉత్తరం రాయిస్తున్నా. రాసేది కోడలు నాగవల్లి. అందుకని దాని మొగుడి సంగతి కొంచెం తగ్గించి చెబుతా.

జామతోటకి చిన్న ట్రాక్టరు కొందామన్నా. మావాడు నందిగామ షోరూం బండి అన్నాడు, నువ్వు పేటలో అమ్మే కంపెనీ అన్నావు. మైలేజీ, హెచ్‌పీ అని నెల్లాళ్ళు వాదించుకున్నారు. తోలేదెవరని ఇద్దరూ అడగలా. చివరికి డ్రైవరు దొరకడంలేదు, తోట కౌలుకిచ్చేద్దాం అన్నాడు మావాడు.

నేనుండగా ఇవ్వను. రెండు బండ్లూ తోటలోకి తెప్పించి ఎక్కి చూశా. నందిగామ బండి క్లచ్ నా కాలికి అందలా, పేటది అందింది. అదే ఖాయం చేశా, నువ్వు చెప్పావని కాదు.

"ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నాడు మావాడు.

"నీ వయసులో నువ్వు తోలట్లేదుగా" అన్నా.

శనివారం పరిటాల ఆంజనేయస్వామి దగ్గర బండి పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక నేనే తోలతా. కొబ్బరికాయ నువ్వే కొట్టాలి, తప్పకుండా రా. కొట్టి వెంటనే పక్కకి జరుగు. తోలడం వచ్చింది గానీ, ఆపడం ఇంకా పూర్తిగా రాలా.

నీ అక్క వేలిముద్ర