మోకాలి లోతు గుంట

నా మొండి నాన్నకి,

నీ కంటి కట్టు ఇంకా విప్పలేదట కాబట్టి ఇది అక్కే చదివి వినిపిస్తుంది. అక్కా, నాన్నకి కోపం వస్తుందని మధ్యలో మాటలు మింగావో, ఊరుకోను.

మన పన్నెండెకరాల మీద కేంద్రం వాళ్ల ఆఫీసరమ్మ మళ్లీ కొర్రీ వేసింది. అది చిత్తడి నేలట, ఇళ్లు కట్టకూడదట! వానలు పోయి నాలుగు నెలలైంది, నడిస్తే చెప్పుల కింద దుమ్ము లేస్తోంది, చిత్తడట! ఊరి ఆఫీసు ఎప్పుడో సంతకం పెట్టింది. ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాళ్లు రాసిన చట్టానికి మన నలభై ఇళ్లు రెండేళ్లుగా కాగితం మీదే ఉండిపోయాయి. మొదటి ఇల్లు బుక్ చేసుకున్న నర్సు వారంవారం వచ్చి "ఎప్పుడమ్మా?" అంటోంది. ఆవిడ మొహం చూడలేక నిన్న వెనక గుమ్మంలోంచి జారుకున్నాను. సిగ్గేసింది నాన్నా.

అందుకే ఇవాళ ఆఫీసరమ్మ ఆఫీసుకెళ్లి అందరి ముందూ అనేశాను: "మా నాన్న ముప్పయ్యేళ్లుగా నేల చూస్తున్నారు. ఆయన పొడి నేలన్నారంటే పొడి నేలే. కాకపోతే ఈ పనే మానేస్తాను." ఆవిడ కోప్పడలేదు. "పైన కాదమ్మా, లోపల చూడాలి. మోకాలి లోతు తవ్వి చూడండి," అంది. తవ్వుతాను! మేస్త్రి చేత కాదు, నా చేత్తోనే. ఆడపిల్లకి మట్టి గురించి ఏం తెలుసని నవ్వినవాళ్లందరికీ చూపిస్తాను. అప్పీలు కాగితాలు సిద్ధం, నా సంతకమే తరువాయి.

నీ చిన్నది

*

నాన్నకి,

కట్టు విప్పారటగా, ఇది నువ్వే చదువుకో. ఫోన్లో అయితే నన్ను మాట పూర్తి చేయనివ్వవు.

తవ్వాను. పైన జానెడు ఎర్రమట్టి. దాని కింద పార దిగగానే బూడిదరంగు బురద, కుళ్లిన గుడ్ల వాసన, అట్టకట్టిన రెల్లు వేళ్లు. మేస్త్రి టీ తెచ్చేలోగా గుంటలో సగం దాకా నీళ్లూరాయి. ఈ ఎర్రమట్టి ఎక్కడిదని మేస్త్రిని నిలదీశాను. పాపం, పార కడుగుతూ, "పెద్దాయన పోయించారమ్మా. మీరు ప్రసవానికి ఆసుపత్రిలో ఉన్న వారం," అన్నాడు.

నీ మనవరాలిని చూడ్డానికి వచ్చినప్పుడు నీ బూట్ల నిండా ఎర్రమట్టే. పనిలోంచి పరిగెత్తుకొచ్చాడు మా నాన్న అని వార్డంతా చెప్పుకుని మురిసిపోయాను. ఆ మట్టి ఇదేనా నాన్నా?

నీకు తెలుసు. తెలిసీ, నీ మాట నెత్తిన పెట్టుకుని నేను ఆ ఆఫీసులో అరిచానని ఉత్తరంలో విని కూడా ఊరుకున్నావు. ప్రాజెక్టు పోతే తట్టుకునేదాన్ని. ఇది తట్టుకోవడం నా వల్ల కావట్లేదు. నర్సు ఇల్లు సరిగ్గా ఆ గుంట దగ్గరే వస్తుంది, తెలుసా? నాలుగు వానలకి గోడలు దిగబడేవి.

ఆ చట్టం మీద నాకు ఇప్పటికీ ఒళ్లుమంటే. రెండేళ్లు నానబెట్టిన ఆఫీసుతో పోట్లాడతాను కూడా. కానీ నువ్వు పోయించిన మట్టి మీద నిలబడి పోట్లాడను. అప్పీలు చించేశాను. రోడ్డు వైపు మెరకలో కూడా తవ్వి చూశాను, అక్కడ ఎంత లోతుకెళ్లినా పొడి మట్టే. పదకొండు ఇళ్లు పడతాయి. మొదటిది నర్సుకే. పని మానేస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకంటే అబద్ధం చెప్పింది నేను కాదు. మన ఆఫీసు తాళాలు అడిగావో, ఇవ్వను.

గురువారం పదింటికి ఆఫీసరమ్మని గుంట దగ్గరికి రమ్మన్నాను. ఈ ఎర్రమట్టి ఎవరు పోయించారని అడుగుతుంది. నేను చెప్పేస్తాను. నువ్వే చెబితే బాగుంటుంది. వస్తే ఆ బూట్లే వేసుకురా. అక్కడంతా తడి.

నీ చిన్నది