ఏడో వారపు సున్నా

గౌరవనీయులైన పరిశోధకులకు,

దుబాయిలో పనిచేసే మా అమ్మ పేరుతో మీ ఆన్‌లైన్ తల్లిదండ్రుల శిక్షణలో కూర్చున్నది, ఇంట్లో చెల్లిని చూసుకునే నేను. "ఈ వారం బిడ్డను ఎన్నిసార్లు కొట్టారు?" అన్న ప్రశ్నకు ఏడో వారం సున్నా అని రాశాను. అబద్ధం కాదు. తొమ్మిదేళ్ల మా చెల్లి అమిహాన్ ఆ వారమంతా సెబూ నగరంలో పిన్ని ఇంట్లో ఉంది. నా చెప్పుదెబ్బకు దాని కన్ను వాచిపోతే పిన్ని వచ్చి తీసుకెళ్లింది. "కాలేజీలో నోటితో గెలుస్తావు, ఇంట్లో చెప్పుతోనా తల్లీ?" అని పిన్ని అంటే, వాదన పోటీల్లో ఎన్నడూ ఓడని నేను చెల్లి బట్టలు సర్ది ఇచ్చాను.

ఇప్పుడు మీ పత్రంలోని సున్నాను చూసి, పిల్లల రక్షణ చూసే మా పేట కార్యాలయం శనివారం చెల్లిని నాకు అప్పగించబోతోంది. "అక్కా, నువ్వు నిజంగా మారిపోయావా?" అని ఫోనులో అడిగింది.

మారలేదు. శనివారంలోపు ఈ ఉత్తరం వాళ్లకు చూపించండి.

అమిహాన్ అక్క